అరిగిపోయిన క్యాసెట్‌లో ఆ ఆల్బమ్ ఇంకా ఉంది

పదహారు, పద్దెనిమిదేళ్ళ వయసులో పదేపదే విన్న ఆల్బమ్ ఒట్టి పాటల జాబితాగా గుర్తుండదు. ఏ పాట తర్వాత ఏ పాట వస్తుంది, రెంటికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది, ఎ సైడు దేనితో ముగుస్తుంది, బి సైడు తిప్పగానే మొదట మోగే వాయిద్యం ఏది, ఇవన్నీ కలిసే చెవిలో నిలుస్తాయి. అదే ఆల్బమ్‌ని ఇవాళ స్ట్రీమింగ్‌లో పెట్టి వింటే ఎక్కడో తేడా కొడుతుంది. ఆ తేడా మన భ్రమ కాదు. పాత ఆల్బమ్‌లు చాలావరకు రీమాస్టర్ అయ్యి వచ్చాయి. అలా చేసేటప్పుడు మెల్లగా వినిపించాల్సిన చోట్లని కూడా పైకి లేపి అంతా ఒకే మట్టానికి తెచ్చిన సందర్భాలు బోలెడు. కొన్నింటికి మిక్సే మారిపోయింది. హక్కుల చిక్కుల్లో ఒకటీ రెండూ పాటలు ఎగిరిపోయినవి కూడా ఉన్నాయి. పైగా క్యాసెట్‌లో రెండు సైడుల నిడివీ సమంగా రావాలని, ఎల్పీలో ఉన్న వరసని మార్చి పాటలు వేయడం అప్పట్లో మామూలే. క్యాసెట్ మీదే పెరిగినవాళ్ళకి గుర్తున్న వరస అందుకే ఇప్పుడు ఎక్కడా దొరకదు.

కాబట్టి ఆ క్యాసెట్ ఇంకా చేతిలో ఉంటే, దాన్నే శ్రద్ధగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఈ పనికి దిగేవాళ్ళు ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని అడుగుతారు. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. పాటలో పోయేదంతా టేపుకీ, దాన్ని చదివే హెడ్డుకీ మధ్యనే పోతుంది. అక్కడ పోయిన తళుకుని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం స్క్రూడ్రైవర్ గురించీ, దూది పుల్లల గురించీ ఉంటుంది.

ముందు అసలు టేపు సంగతి. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఈ క్యాసెట్‌ని బయటపెట్టింది. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ కాస్త వెడల్పులోనే నాలుగు ట్రాకులు ఇమడాలి, సైడుకి రెండు చొప్పున. ఒక్కో స్టీరియో ట్రాకు వెడల్పు 0.6 మిల్లీమీటర్లు మాత్రమే. 60 నిమిషాల క్యాసెట్‌లో టేపు పొడవు దాదాపు 90 మీటర్లు, మందం 16 నుంచి 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 90 నిమిషాల దాంట్లో మందం 12 మైక్రాన్ల దాకా, 120 నిమిషాల దాంట్లో 9 మైక్రాన్ల దాకా పడిపోతుంది. 120 నిమిషాలవి సాగేదీ, రోలర్‌కి చుట్టుకుపోయేదీ, అంచులు మడత పడేదీ ఈ పల్చదనం వల్లే. అలాంటి క్యాసెట్ మీద వేగంగా వెనక్కీ ముందుకీ తిప్పడం వీలైనంత తగ్గించాలి.

డెక్కు ఎలాంటిది కావాలి

కంప్యూటర్‌కి నేరుగా గుచ్చే చిన్న చవక కన్వర్టర్లు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. వాటిలో ఫ్లైవీలు తేలిగ్గా ఉంటుంది కాబట్టి వేగం నిలకడగా ఉండదు, సాగే స్వరాలు వణుకుతాయి. చాలావాటిలో టేపు బుసబుసని తగ్గించే డాల్బీ ఉండదు, హెడ్డు వంపు సరిచేసుకునే దారీ సరిగ్గా ఉండదు. వెనకవైపు లైన్ అవుట్ (పాటని బయటికి పంపే రంధ్రం) ఉన్న పాత ఇంటి క్యాసెట్ డెక్కు సెకండ్ హ్యాండ్‌దైనా వీటికంటే ఎన్నో రెట్లు మేలు. రెండు క్యాసెట్లు పట్టే డెక్కు కంటే ఒక్కటే పట్టేది, ఆటో రివర్స్ ఉన్నదాని కంటే లేనిది తీసుకోండి. ఆటో రివర్స్‌లో హెడ్డు తిరుగుతుంది, లేదా ట్రాకులు మారతాయి. రెండు దిక్కుల్లోనూ ఒకే కచ్చితత్వం ఉండటం అరుదు. అదే దొరికితే రెండో సైడుకి కూడా క్యాసెట్‌ని చేత్తో తిప్పి పెట్టి, ముందుకు నడిచే దిక్కులోనే వాడండి.

ఏళ్ళ తరబడి వాడని డెక్కులో మొదట పోయేది రబ్బరు. బెల్టు సాగి వదులైతే వేగం ఊగుతుంది. ఇంకా ముదిరితే కరిగి నల్లటి తారులా కప్పీలకి అంటుకుపోతుంది. ఆ జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడవాలి, ఏ కాస్త మిగిలినా కొత్త బెల్టు అక్కడే జారుతుంది. కొత్త బెల్టు మోడల్ నంబరు ప్రకారం దొరికితే సరే. లేకపోతే సాగిపోయిన పాత బెల్టు చుట్టుకొలత కంటే 5 శాతం చిన్నది తీసుకోండి. టేపుని లాగే కడ్డీ అయిన క్యాప్‌స్టాన్‌ని తిప్పే బెల్టు చాలా డెక్కుల్లో చదునుగా పట్టీలా ఉంటుంది. దాని స్థానంలో చదరపు బెల్టు వేస్తే వణుకు పెరుగుతుంది. బిగుతు ఎక్కువైనా ముప్పే, మోటారు బేరింగు మీద బరువు పడుతుంది.

ఆ తర్వాత శుభ్రం చేయడం. హెడ్డు, క్యాప్‌స్టాన్ కడ్డీ, టేపుకి దారి చూపే లోహపు గైడ్లు, వీటిని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవాలి. పుల్లకి గోధుమ రంగు అంటడం మానేదాకా పుల్లలు మారుస్తూ ఉండాలి. ఆ గోధుమ రంగు టేపు మీంచి రాలిన పూతే. టేపుని క్యాప్‌స్టాన్‌కి నొక్కి పట్టే పించ్ రోలర్ రబ్బరు కాబట్టి దానికి సబ్బు చుక్క కలిపిన నీళ్ళు చాలు. తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. రోలర్ మీద అద్దంలా నున్నటి మెరుపు వచ్చిందంటే పట్టు పోయినట్టే, టేపు పక్కకి జరిగి అంచు నలుగుతుంది. ఒక విలువైన క్యాసెట్ పెట్టే ముందు ఎందుకూ పనికిరాని క్యాసెట్ ఒకటి పూర్తిగా ఆడించి చూడండి. టేపు రోలర్ పక్కన అలలు పోకుండా, తిన్నగా నడుస్తోందా అన్నది టార్చి వేసి చూస్తే కంటికే తెలుస్తుంది.

హెడ్డుకి చేరిన అయస్కాంతత్వాన్ని డీమాగ్నెటైజర్‌తో తీసేయొచ్చు. డెక్కు కరెంటు ఆపాలి. సాధనాన్ని మీటరు దూరంలో ఉండగా ఆన్ చేసి, మెల్లగా హెడ్డు దగ్గరికి తెచ్చి, అంతే మెల్లగా వెనక్కి తీసుకుని, దూరం వచ్చాకే ఆపాలి. దగ్గరుండగా ఆపితే ఉన్నదానికంటే ఎక్కువ అయస్కాంతత్వం మిగులుతుంది. చుట్టుపక్కల క్యాసెట్లు ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

క్యాసెట్‌ని విప్పి చూడటం

ఆడించే ముందు ప్రతి క్యాసెట్‌నీ వెలుగులో పట్టుకుని కిటికీలోంచి చుట్ట అంచు చూడాలి. తెల్లటి పొడిలా, సాలెగూడులా ఏమైనా కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్కులో పెట్టవద్దు. డెక్కుకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ముందు సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూత బిగించిన డబ్బాలో ఆరబెట్టాలి. తర్వాత మాస్కు వేసుకుని, ఇంటి బయట, మెత్తటి పొడి బట్టతో తుడవాలి. చాలా ముదిరినదైతే ఇలాంటి పని వృత్తిగా చేసేవాళ్ళకి ఇవ్వడమే నయం.

బూజు లేకపోతే హెడ్డు తగిలే వైపు చూడండి. మధ్య కిటికీలో రాగి రంగు స్ప్రింగు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉండాలి. టేపుని హెడ్డుకి ఆనించి పట్టేది అదే. జిగురు ఎండిపోయి ఆ ముక్క ఊడిపోవడం పాత క్యాసెట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు. పాట వినిపిస్తుంది గానీ పై స్వరాలు వచ్చి పోతుంటాయి, ఒక చెవిలో శబ్దం తగ్గి మళ్ళీ పెరుగుతుంటుంది. దీన్ని చూసి టేపే పాడైపోయిందనుకుని క్యాసెట్‌ని పారేసినవాళ్ళు ఎంతమందో. ఇంకో పనికిరాని క్యాసెట్‌లోంచి స్ప్రింగుతో సహా ఆ ముక్క తీసి ఇందులో పెడితే సరిపోతుంది.

పెట్టెకి అయిదు స్క్రూలు ఉంటే విప్పడం తేలిక. స్క్రూలు లేకుండా అతికించినదైతే అతుకు వెంబడి పల్చటి బ్లేడు కొద్దికొద్దిగా దించుతూ విడగొట్టాలి. ఎలాగూ ఆ పెట్టె మళ్ళీ పనికిరాదు కాబట్టి, స్క్రూలున్న ఖాళీ పెట్టె ఒకటి ముందే పక్కన పెట్టుకోవాలి. క్యాసెట్‌ని బల్ల మీద చదునుగా ఉంచి, ఏ సైడు పైకి ఉందో గుర్తు పెట్టి, పై మూత నిటారుగా లేపాలి. లేపగానే ఫోటో తీసుకోండి. ఎడమ చుట్ట నుంచి మూలనున్న రోలర్ బయటివైపుగా, తర్వాత పిన్నులు, ఫెల్ట్ ముక్క ముందు నుంచి, కుడి మూల రోలర్ మీదుగా కుడి చుట్టకి, ఇదీ టేపు దారి. చుట్టల కిందా పైనా ఉండే పల్చటి జారుడు కాగితాలు మరిచిపోకుండా కొత్త పెట్టెలో వేయాలి. అవి లేకపోతే చుట్ట పెట్టెకి రాసుకుని కీచుమంటుంది, తిరగడం బరువై టేపు ఇరుక్కుంటుంది.

బిగించేటప్పుడు టేపు మెలిక పడలేదని కచ్చితంగా చూసుకోవాలి. మెలిక పడితే వెనక ముఖం హెడ్డుకి తగులుతుంది, పై అంచు కిందికి పోతుంది. అప్పుడు అవతలి సైడు పాట వెనక నుంచి ముందుకి, మందంగా వినిపిస్తుంది. క్యాసెట్ మధ్యలో ఉన్నట్టుండి అర్థం కాని గొణుగుడు మొదలైతే మొట్టమొదట అనుమానించాల్సింది ఇదే. పాట చెడిపోలేదు, టేపు తిరగబడింది, అంతే.

టేపు తెగిందనుకోండి. ఎక్కువసార్లు తెగేది మొదట్లో ఉండే రంగులేని లీడర్ దగ్గర, అక్కడ పాట ఉండదు కాబట్టి నష్టమేమీ లేదు. అతకడానికి క్యాసెట్ల కోసమే చేసిన స్ప్లైసింగ్ టేపు వాడాలి. కాగితాలు అతికించే మామూలు సెల్లో టేపు వాడితే, కొన్నాళ్ళకి దాని జిగురు పక్కలకి ఊరి పక్క చుట్లకి అంటుకుంటుంది, ఆ మీద హెడ్డుకీ పడుతుంది. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి ఏటవాలుగా కోయాలి. ఎదురెదురుగా ఆనించి, సందు లేకుండా, ఒకదాని మీదికొకటి ఎక్కకుండా, వెనక ముఖం వైపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ముక్క అతికించాలి. పాట మధ్యలో తెగితే కోసి పారేసే ముందు ఒక లెక్క గుర్తుంచుకోండి. దాదాపు 5 మిల్లీమీటర్ల టేపు పోతే సెకనులో పదో వంతు పోతుంది. తాళం తడబడటానికి అది చాలు. అందుకే నలిగిన భాగాన్ని కోయకుండా సాధ్యమైనంత తిన్నగా చేసి అలాగే అతకడం మంచిది. ఒక క్షణం శబ్దం తగ్గినా లయ నిలుస్తుంది.

ఇంత అయ్యాక క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా చుట్టండి. ఏళ్ళ తరబడి కదలని చుట్ట వదులవుతుంది, బిగుతు సమం అవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పక్క పక్క చుట్లలోని శబ్దం ఒకదాని మీదికొకటి అచ్చు పడి, పాట మొదలయ్యే ముందే దాని నీడ వినిపిస్తుంటుంది. ఇలా చుట్టడం వల్ల ఆ నీడ కొంత పల్చబడుతుంది.

ఆ ఒక్క స్క్రూ

అసలు విషయం ఇక్కడుంది. హెడ్డులో శబ్దాన్ని చదివే సన్నటి చీలిక టేపు నడిచే దారికి సరిగ్గా లంబంగా ఉండాలి. దీన్నే అజిముత్ అంటారు. రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఏ వంపులో ఉందో, ఆడించే యంత్రం హెడ్డు కూడా అదే వంపులో ఉంటే పాట విచ్చుకుంటుంది. లేకపోతే పై స్వరాలు పోతాయి.

ఎంత తేడా వస్తే ఎంత పోతుందో లెక్క వేసి చూడొచ్చు. సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంలో 10 కిలోహెర్ట్జ్ శబ్దం ఒక్క అల టేపు మీద ఆక్రమించే పొడవు 4.76 మైక్రాన్లు. ట్రాకు వెడల్పు 600 మైక్రాన్లు. చీలిక ఒక కొసకీ ఇంకో కొసకీ మధ్య సరిగ్గా ఒక అల పొడవు తేడా వచ్చేంత వంగితే, ఆ స్వరం తనని తానే కొట్టేసుకుని పూర్తిగా మాయమవుతుంది. అంత వంపుకి అర డిగ్రీ కూడా అక్కర్లేదు, 0.45 డిగ్రీ చాలు. ఎడమ, కుడి ట్రాకులని కలిపి మోనోగా వింటే ఇంకా సున్నితం, 0.15 డిగ్రీకే ఆ రెండూ ఎదురెదురై రద్దవుతాయి. క్యాసెట్లు మందంగా వినిపిస్తాయన్న చెడ్డపేరుకి సగం కారణం ఈ వంపే.

హెడ్డుకి రెండు వైపులా రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది, దాని జోలికి వెళ్ళొద్దు. కింద స్ప్రింగు ఉన్నదీ, తల మీద రంగు చుక్క వేసి ఉన్నదీ అజిముత్ స్క్రూ. చాలా డెక్కుల్లో క్యాసెట్ తలుపు ముందు పలక తీసేస్తే, పాట నడుస్తుండగానే స్క్రూడ్రైవర్ అందుతుంది. స్క్రూడ్రైవర్‌కి అయస్కాంతం ఉండకూడదు. తిప్పే ముందు స్క్రూ ఉన్న స్థానానికి గుర్తు పెట్టుకోవాలి.

తాళాలు, గజ్జెలు, గాయని పలికే స, ష లాంటి పై స్వరాలు దండిగా ఉన్న చోటు ఎంచుకోండి. మొదట ఒక్క ఎడమ చానల్ మాత్రమే హెడ్‌ఫోన్‌లో వింటూ, స్క్రూని ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ కాకుండా అటూ ఇటూ తిప్పాలి. తళుకు పెరిగి, శిఖరానికి చేరి, మళ్ళీ తగ్గడం వినిపిస్తుంది. ఆ శిఖరం దగ్గర ఆపాలి. ఇది ముతక సర్దుబాటు. అప్పుడు రెండు చానళ్ళనీ కలిపి మోనోగా మార్చి, వెంట్రుకవాసి కదలికలతో మళ్ళీ శిఖరం వెతకాలి. ఈ క్రమం తప్పకూడదు. నేరుగా మోనోతో మొదలెడితే అసలు శిఖరానికి అటూ ఇటూ దొంగ శిఖరాలు వస్తాయి, వాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎడమ ఒక్కటే విన్నప్పుడు మందంగా ఉండి, మోనోలో మాత్రం బాగున్నట్టు అనిపిస్తే దొంగ శిఖరం మీద ఉన్నారని అర్థం.

ఈ సర్దుబాటు డెక్కుకి ఒకసారి చేసి వదిలేసేది కాదు. ప్రతి క్యాసెట్‌కీ, అందులోనూ ప్రతి సైడుకీ విడివిడిగా చేయాలి. కంపెనీ క్యాసెట్లు ప్రమాణానికి కాస్త దగ్గరగా ఉంటాయి. స్నేహితుల దగ్గర కాపీ చేయించుకున్నవి ఆ కాపీ చేసిన డెక్కు వంపుని మోసుకొస్తాయి. ఒకే క్యాసెట్‌లో సగం ఒక డెక్కు మీద, సగం ఇంకో డెక్కు మీద ఎక్కించి ఉంటే మధ్యలో ఆపి మళ్ళీ సర్దాల్సిందే. డాల్బీ స్విచ్ ఈ పని జరిగేంతసేపూ ఆపి ఉంచాలి.

ఎందుకంటే డాల్బీ బి పని చేసే తీరే అలాంటిది. రికార్డు చేసేటప్పుడు మెల్లటి పై స్వరాలని పెంచుతుంది, ఆడించేటప్పుడు అంతే తగ్గిస్తుంది. దాంతోపాటు టేపు బుసబుస 10 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. ఎంత తగ్గించాలో తనకి చేరిన మట్టాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది. హెడ్డు వంకరగా ఉండి పై స్వరాలు ముందే తగ్గిపోతే, డాల్బీ వాటిని ఉండాల్సిన దానికంటే ఇంకా నొక్కేస్తుంది. డాల్బీ పెడితే పాట చచ్చిపోతోందని స్విచ్ శాశ్వతంగా ఆపేసుకున్నవాళ్ళు నిజానికి బాధపడాల్సింది అజిముత్ గురించి. హెడ్డు సరిగ్గా కూర్చున్నాక డాల్బీ గుర్తు వేసి ఉన్న క్యాసెట్‌ని డాల్బీతోనే వినండి, తేడా మీకే తెలుస్తుంది. గుర్తు లేనిదానికి వాడకూడదు.

ఇక్కడే ఈక్వలైజేషన్ సంగతి కూడా, అంటే టేపు రకాన్ని బట్టి డెక్కు పై స్వరాలని సర్దే తీరు. మామూలు ఫెర్రిక్ టేపుకి 120 మైక్రోసెకన్లు, క్రోమ్ టేపుకి 70. పెట్టె పై అంచులోని గంటుల్ని బట్టి చాలా డెక్కులు తామే ఎంచుకుంటాయి. కానీ కంపెనీలు క్రోమ్ టేపు మీద అచ్చు వేసి కూడా 120 వాడిన ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి, వాటి పెట్టెకి క్రోమ్ గంటులు ఉండవు. అలాంటి టేపుని క్రోమ్ గంటులున్న ఖాళీ పెట్టెలోకి మారిస్తే పై స్వరాలు నాలుగున్నర డెసిబెల్స్ దాకా తగ్గి వినిపిస్తాయి. పెట్టె మార్చేటప్పుడు పాత పెట్టెలో గంటులు ఎలా ఉన్నాయో అలాంటిదే వెతకండి.

వేగం

డెక్కు వేగం ఒకటి రెండు శాతం తప్పడం సర్వసాధారణం. 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక అర స్వరం మారుతుంది. 3 శాతమే అయినా చెవికి పట్టిన ఆల్బమ్ అయితే గాయకుడి గొంతు మారినట్టు అనిపిస్తుంది. 3150 హెర్ట్జ్ టెస్ట్ టేపు ఉంటే దాన్ని ఆడించి, కంప్యూటర్‌లో ఎంత చూపిస్తోందో చూసి, మోటారు వెనక రంధ్రంలో ఉండే చిన్న సర్దుబాటుని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. ముందు డెక్కుని పావుగంట నడవనివ్వండి, చల్లగా ఉన్నప్పుడు సర్దితే వేడెక్కాక మళ్ళీ తప్పుతుంది.

టెస్ట్ టేపు లేకపోతే అదే ఆల్బమ్ సీడీనో, డిజిటల్ రూపాన్నో పక్కన పెట్టుకుని కొలవొచ్చు. పాటలో మొదటి దెబ్బ నుంచి ఆఖరి దెబ్బ దాకా ఎన్ని సెకన్లో రెండిట్లో చూడండి. అక్కడ 240.0, క్యాసెట్‌లో 235.3 వస్తే డెక్కు 2 శాతం వేగంగా తిరుగుతోంది. ఒక్క పాటతో తేల్చకుండా సైడు మొదట్లో, మధ్యలో, చివర్లో కొలవాలి. మొదట్లో సరిగ్గా ఉండి చివరికి మారుతుంటే అది మోటారు సర్దుబాటు సమస్య కాదు, బెల్టో రోలరో జారుతోంది. తేడా స్థిరంగా ఉంటే కంప్యూటర్‌లో సరిచేసినా నష్టం లేదు. శ్రుతి, లయ రెండూ కలిసి మారే వేగం సర్దుబాటునే వాడాలి. శ్రుతి ఒక్కటే మార్చేదీ, లయ ఒక్కటే మార్చేదీ వాడితే స్వరాలు చితికిపోతాయి.

ఎక్కించడం, ఆ తర్వాత

ఇక్కడి నుంచి తేలిక. డెక్కు లైన్ అవుట్ నుంచి సౌండ్ కార్డు లైన్ ఇన్‌కి తీగ. లాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టకండి. అది తరచూ మోనో, పైగా మైకు కోసం పెంచే ఆంప్లిఫయర్ పాటని చీల్చేస్తుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడండి. అడుగున సన్నగా హమ్ వినిపిస్తే లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ చాలు. క్యాసెట్ మీద 15 నుంచి 18 కిలోహెర్ట్జ్ పైన వినదగ్గది ఉండటం అరుదు కాబట్టి 96కి పోవడం వల్ల ఫైలు రెట్టింపవుతుంది తప్ప పాట బాగుపడదు. 24 బిట్లు మాత్రం ఉండాలి, మట్టం కాస్త తక్కువగా పెట్టుకునే వెసులుబాటు వస్తుంది. అత్యంత గట్టిగా మోగే చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. సున్నా తాకిందంటే అక్కడ అల తల తెగినట్టే, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి. ఈ లెక్కన నిమిషానికి 17 మెగాబైట్లు, గంట క్యాసెట్‌కి ఒక గిగాబైటుకి కాస్త పైన. ఫ్లాక్ అనే ఫైలు రూపంలోకి మారిస్తే ఏమీ పోకుండా బాగా తగ్గుతుంది. సైడు మొత్తం ఒకే ఫైలుగా, లీడర్ దగ్గర నుంచి చివర నిశ్శబ్దం దాకా ఎక్కించాలి.

ఆ మొదటి ఫైలుని ముట్టుకోకుండా దాచి, మార్పులన్నీ కాపీ మీదే చేయండి. మార్పులంటే నా ఉద్దేశంలో చాలా తక్కువ: వేగం తప్పితే సరిచేయడం, అతుకుల దగ్గర టక్కుమనే శబ్దాలు ఒక్కొక్కటిగా తీయడం, ఒక చానల్ తక్కువగా ఉంటే సమం చేయడం. బుసబుస తీసేసే సాధనం వాడాలనిపిస్తే, పాటల మధ్య ఖాళీలోంచి ఒకటి రెండు సెకన్ల నమూనా ఇచ్చి 6 డెసిబెల్స్ దగ్గర ఆపేయండి. అంతకు మించితే పాట తోక మెల్లగా అణిగిపోయే చోట నీటి బుడగల్లాంటి గలగల మొదలవుతుంది, తంబుర లాంటి వాయిద్యం దగ్గర అది స్పష్టంగా బయటపడుతుంది. పాటల మధ్య ఖాళీలని పూర్తి నిశ్శబ్దం చేయొద్దు. బుసబుస ఆగి మళ్ళీ మొదలవడం, అది నడుస్తూ ఉండటం కంటే ఎక్కువ చికాకు పెడుతుంది.

పాటలుగా విడగొట్టేటప్పుడు ఖాళీని ముందు పాట చివరన ఉంచండి. పాట మొదలు కంటే ముందు కోస్తే వరసగా విన్నప్పుడు పాత నిడివి పాతగానే వస్తుంది. ఫైలు పేర్లలో సైడు, వరస సంఖ్య ముందు రావాలి, లేకపోతే ఏదో ఒక ప్లేయరు అక్షర క్రమంలో పెట్టేస్తుంది. లోపలి కాగితం రెండు వైపులా స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పడేయండి. డాల్బీ వాడారా లేదా, ఏ డెక్కు, వేగం ఎంత సరిచేశారు అన్నది ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టండి. మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి వేరే చోట.

క్యాసెట్‌ని మాత్రం పారేయొద్దు. రేపు ఇంకా మంచి డెక్కు దొరికితే మళ్ళీ ఎక్కించుకోవాల్సింది దాని మీంచే. సైడు చివరిదాకా ఆడించే వేగంతోనే చుట్టనివ్వండి, వేగంగా చుట్టిన చుట్ట ఎగుడుదిగుడుగా ఉంటుంది. రికార్డు ట్యాబులు విరిచేసి, డబ్బాలో పెట్టి, నిలువుగా, తేమ లేని చోట, స్పీకర్లకి దూరంగా ఉంచండి. అజిముత్ స్క్రూని మొదట పెట్టుకున్న గుర్తు దగ్గరికి తిప్పి, మీద గోళ్ళరంగు చుక్క వేయండి.